పద్నాలుగో పేజీ

కాగితాల కట్ట భోజనాల బల్ల మధ్యలో ఉంది. పొద్దున్నుంచీ దాన్ని ఎవరూ కదపలేదు. టీ కప్పులు, రొట్టెల పళ్లెం, పాలగిన్నె అన్నీ దాని చుట్టూ ఎక్కడ చోటుంటే అక్కడ సర్దుకున్నాయి.

"చక్కెర ఇలా అందిస్తారా?" అంది అత్తగారు.

కోడలి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పదకొండేళ్ల కాపురంలో అత్తగారు తనను 'మీరు' అనడం ఇదే మొదటిసారి. నాలుగు తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

కళ్లజోళ్ల దుకాణం నడిపే కొడుకు పేపరు కాస్త పైకెత్తుకున్నాడు, మొహం కనపడకుండా.

తప్పు అతనిది కూడా. అమ్మ ముప్పై నాలుగేళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరై, ఇన్నాళ్లకు ఒక పిల్లల నవల మొదలుపెట్టింది. మొదటి ఇరవై పేజీలు కోడలి చేతిలో పెట్టి అభిప్రాయం చెప్పమంది. పిల్లల పుస్తకాల ఆఫీసులో ఎడిటరుగా పనిచేసే కోడలుండగా బయటివాళ్లెందుకని. "బావుందని చెప్పెయ్, నీకు పుణ్యముంటుంది. ఈ వయసులో ఆవిణ్ణి నొప్పించి మనం ఏం బావుకుంటాం?" అని బతిమాలింది కొడుకే. ఆదివారం కోడలు నవ్వుమొహంతో, "చాలా బావుందత్తయ్యా, మార్చాల్సిందేమీ లేదు" అంది.

నిన్న కత్తెర కోసం కోడలి చేతిసంచీ తెరిచిన అత్తగారికి ఆ ఇరవై పేజీల మరో ప్రతి దొరికింది. అంచుల్లో చోటు మిగలకుండా పెన్సిలు రాతలు. అదే ఇప్పుడు బల్లమీద ఉన్న కట్ట.

"అమ్మా, అది వట్టి ఆఫీసు అలవాటమ్మా," అన్నాడు కొడుకు పేపరు వెనకనుంచి. "చేతిలో పెన్సిలుంటే తను ఊరుకోదు. మొన్న దగ్గుమందు సీసాతో వచ్చిన కాగితంలో కూడా అచ్చుతప్పులు దిద్దింది."

"నువ్వాగరా. ఊరందరికీ కళ్లజోళ్లు పెడతావు, నీకు ముక్కు ముందున్నది కనపడదు."

కోడలు గొంతు సవరించుకుంది. "అత్తయ్యా, నేను..."

"పర్లేదండీ. మీ పని మీరు చేశారు."

ఆ 'అండీ'తో బల్ల దగ్గర ఉన్న కాస్త గాలీ పోయింది.

అంతసేపూ రొట్టె అంచులు తుంచి పక్కన పెడుతున్న మనవరాలు తలెత్తింది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు. ఎక్కడ పడకూడదో అక్కడే పడుతుంది కనక.

"నాన్నమ్మా, నేనూ చదివా. పద్నాలుగో పేజీ నుంచి భలే ఉంది."

అత్తగారు కప్పు కింద పెట్టింది. "అక్కణ్ణుంచి చదవమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. ముందు పేజీల్లో పిల్లలెవరూ లేరుగా. గేటు, చెట్లు, హెడ్మాస్టర్లు. తిప్పుకుంటూ పోయా. పద్నాలుగులో ఒక పాప దొరికింది."

కొడుకు పేపరు దించాడు. కోడలు కళ్లు దించుకుంది. పద్నాలుగో పేజీ తలమీద తాను పెన్సిలుతో రాసిన వాక్యం అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. 'నవల ఇక్కడ మొదలవుతోంది. ముందున్న పదమూడు పేజీలూ తీసెయ్యొచ్చు.'

అత్తగారు లేచింది. గది గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది.

"బాగా లేదని రాసినందుకు కాదు నా బాధ. బాగా లేనివి నేనూ బోలెడు చూశాను, ఎర్ర సిరాతో దిద్దాను. నిజం చెబితే ఈ ముసల్ది తట్టుకోలేదని మీరిద్దరూ కూచుని తీర్మానం చేసుకున్నారు చూడండి, దానికి."

తలుపు మెల్లగానే వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేదనిపించింది కోడలికి.

* * *

ఆఫీసు గది అచ్చు యంత్రాలకు సరిగ్గా పైన ఉంటుంది. కింద యంత్రం తిరిగినంతసేపూ బల్లమీద పెన్సిళ్లు సన్నగా వణుకుతుంటాయి. గోడకు కట్టిన తాడుకు అచ్చు కాగితాలు క్లిప్పులతో వేలాడుతుంటాయి. కిటికీ పక్క బల్ల బొమ్మలాయనది. ముప్పై ఏళ్లుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ వేస్తూ ఆయన గోళ్ల కింద రంగు అసలు చర్మంలా కలిసిపోయింది.

"మొహమేంటమ్మాయ్, తడిసిన అట్టలా ఉంది?" అన్నాడు.

కోడలు జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆయన ఒక ఏనుగు చెవికి నీడ పెడుతూ విన్నాడు. "ఇంతకీ ఏం రాశావేంటి ఆ అంచుల్లో?"

"మొదటి పేజీలో 'పాప ఎప్పుడొస్తుంది?' అని. మూడో పేజీలో అదే. ఆరులో మళ్లీ అదే. తొమ్మిదిలో, 'ఇక్కడ టీచరు మాట్లాడుతున్నారు, కథ చెప్పేమనిషి ఎక్కడ?' అని. పదిహేడులో ఒక లొసుగు కనపడితే అదీ రాశా."

"ఏం లొసుగు?"

"కథలో పాప బడిలో ఉండగా పొరపాటున తాళం పడుతుంది. రాత్రంతా లోపలే ఉంటుంది. ఇంట్లోవాళ్లు వెతకరు. ఎందుకు వెతకలేదో లేదు. 'ఇంట్లోవాళ్లు ఎందుకు వెతకలేదు?' అని రాశా."

"ఇదే ఎవరో ముక్కూమొహం తెలీనావిడ రాసి పంపిస్తే ఏం చేసేదానివి?"

"ఎదురుగా కూచోబెట్టుకుని పేజీ పేజీ చెప్పేదాన్ని. బావున్నది బావుందని, లేనిది లేదని."

"ఇంకేం మరి." ఆయన కుంచె కడిగాడు. "ముక్కూమొహం తెలీనివాళ్లకిచ్చే మర్యాద ఇంటావిడకి ఇవ్వలేదన్నమాట. ఆవిడ నిన్ను 'మీరు' అనకేం చేస్తుంది?"

కింద యంత్రం ఆగింది. పెన్సిళ్లు కదలకుండా నిలిచాయి.

* * *

సాయంత్రం కోడలు ఆఫీసునుంచి వచ్చి, చెప్పులు విడిచి, కట్ట చేతికి తీసుకుని తిన్నగా అత్తగారి గది తలుపు తట్టింది.

చిన్న గది. ఒక మంచం, ఒక కుర్చీ, కిటికీ కింద రాత బల్ల. బల్లమీద ఆవిడ నిలువు గీతల్లాంటి చేతిరాత. అక్షరం అక్షరానికీ మధ్య ఒకే దూరం, నల్లబల్లమీద రాసినట్టు.

"కూచోండి," అంది అత్తగారు.

"ఆ 'అండీ' మానేస్తేనే కూచుంటా."

"ముందు చెప్పవలసింది చెప్పండి. తర్వాత ఆలోచిద్దాం."

కోడలు నిలబడే మొదటి పేజీ తీసింది. గొంతు మాత్రం ఆఫీసు గొంతే వచ్చింది.

"గేటు రెండు పేజీలుంది అత్తయ్యా."

"పెద్ద గేటది."

"ఎంత పెద్దదైనా సరే. పిల్ల ఎప్పుడొస్తుందా అని చూశాను. చింతచెట్టొచ్చింది. గంటొచ్చింది, దాని బరువు కూడా వచ్చింది. నలుగురు హెడ్మాస్టర్లొచ్చారు, అందులో ఒకాయన రిటైరై వెళ్లిపోయాడు కూడా. పిల్ల మాత్రం రాలేదు."

అత్తగారి పెదవి చివర ఏదో కదిలింది. నవ్వో కాదో తెలియలేదు.

"పదకొండో పేజీలో పిల్లలు క్రమశిక్షణతో ఎందుకుండాలో చెప్పారు. అది చదివి నేనే వెన్ను నిటారుగా పెట్టి కూచున్నా. పిల్లలైతే పుస్తకం మూసేసి ఆడుకోడానికి పోతారు."

"ఊఁ."

"పద్నాలుగో పేజీకొచ్చేసరికి..." కోడలు కుర్చీ లాక్కుని కూచుంది, అడక్కుండానే. "అత్తయ్యా, అక్కడ ఎవరో వేరే మనిషి రాసినట్టుంది. రబ్బరు కింద పడింది. పాప బెంచీ కింద దూరింది. బయట తాళం పడింది. అంతే, నాలుగే వాక్యాలు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ తాళం చప్పుడు పక్కనుండి విన్నట్టే రాశారు."

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"వినడం కాదు," అంది చివరికి. "ఆ తాళం వేసింది నేనే."

కోడలు చేతిలోని పేజీ బల్లమీద పెట్టింది.

"ముప్పై ఒక్కేళ్లయింది. శుక్రవారం. మీ ఆయనకి ఏడేళ్లు, ఒళ్లు కాలిపోతోందని ఇంటినుంచి కబురొచ్చింది. లాంగ్ బెల్ కొట్టగానే గదికి తాళం పెట్టి పరిగెత్తా. మర్నాడు పొద్దున తోటపని మనిషి చూశాడట, కిటికీ ఊచలు పట్టుకుని నించునుందట పిల్ల. నా క్లాసు పిల్ల. మూడో తరగతి."

"ఎవరైనా మిమ్మల్నేమన్నా అన్నారా?"

"పల్లెత్తు మాట అనలేదు. రబ్బరు కోసం బెంచీ కింద దూరానని ఆ పిల్లే చెప్పింది. సోమవారం వచ్చి ఎప్పట్లాగే కూచుంది. నన్ను చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు చూశాక నాకు నిద్ర పట్టలేదమ్మా చాలా రోజులు."

'అమ్మా' అంది. ఆవిడ గమనించలేదు. కోడలు గమనించింది, కానీ పైకి కనపడనివ్వలేదు.

"రోజూ తలుపు మూసేముందు లోపలికి తొంగిచూసి 'ఎవరైనా ఉన్నారా' అని అడగడం నాకలవాటు. ఆ రోజు అడిగానా? అడగలేదా? ఎంత గింజుకున్నా గుర్తురాదు. వీడి జ్వరమే గుర్తొస్తుంది." ఆవిడ కట్ట మీద చెయ్యి వేసింది. "ఆ పదమూడు పేజీలూ ఎందుకయ్యాయో తెలిసిందా? గేటు దగ్గర కాసేపు, చెట్టు కింద కాసేపు. ఆ గది తలుపు దాకా పోవడానికి నాకు కాళ్లు రాలేదు."

కోడలు లేచి, కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చింది.

అత్తగారు రెండు గుక్కలు తాగి, తానే పేజీలు తిప్పి పదిహేడో పేజీ దగ్గర ఆగింది.

"నీ రాతలన్నిటికీ నా దగ్గర జవాబుంది. కొన్నిటికి కోపమొచ్చింది, కొన్నిటికి సిగ్గేసింది. దీనికొక్కదానికే జవాబు లేదు."

'ఇంట్లోవాళ్లు ఎందుకు వెతకలేదు?'

"అది కథలో లొసుగనుకుని రాశానత్తయ్యా. నిజంగా జరిగిందని నాకేం తెలుసు?"

"పక్కింట్లో పడుకుందనుకున్నాం అని చెప్పారు అప్పట్లో. నేను నమ్మేశా. నమ్మితే నాకే సుఖం కదా, ఇంకో ప్రశ్న ఉండదు." ఆవిడ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "ఎనిమిదేళ్ల పిల్ల రాత్రంతా ఇంటికి రాలేదు. ఒక్కళ్లు బడి గేటు దాకా రాలేదు. ముప్పై ఒక్కేళ్లు నా తప్పునే తిప్పి తిప్పి చూసుకున్నా గానీ, ఆ వైపు తలే తిప్పలేదు."

"ఆవిడిప్పుడు ఎక్కడున్నారు?"

"ఈ ఊళ్లోనే. బట్టలు కుడుతుంది. పాత విద్యార్థుల పుస్తకంలో నంబరుంది. ఎన్నోసార్లు తీసి చూశా." ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. "రేపు నీకు సెలవేగా? నా పక్కన కూచుంటావా?"

* * *

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను రాత బల్లమీద పెట్టి, ఇద్దరికీ వినపడేలా స్పీకరు నొక్కింది కోడలు. అటువైపు కుట్టుమిషను గడగడలాడుతోంది.

"ఎవరండీ?"

"నేనమ్మా. మూడో తరగతి టీచర్ని."

మిషను ఆగింది.

"టీచర్! మీరా! ఒంట్లో బావుందా?"

"రాయిలా ఉన్నా. ఒక పిల్లల నవల రాస్తున్నానమ్మా. మొదలు నీకు చదివి వినిపించాలి. నచ్చకపోతే చెప్పు, చించేస్తా."

అవతల నవ్వు వినిపించింది. "నేనేం చెప్తాను టీచర్? పుస్తకం పట్టుకుని ఎన్నాళ్లయిందో. జాకెట్టు కొలతలైతే చెప్తా."

"ఇది నీ కథ. నువ్వే చెప్పాలి."

నవ్వు ఆగిపోయింది. వద్దనలేదు.

అత్తగారు పద్నాలుగో పేజీ తీసింది. ముప్పై నాలుగేళ్లు నలభై మందికి వినపడేలా చదివిన గొంతు ఆ రోజు ఒక్క మనిషికే చదివింది. "రబ్బరు బెంచీ కాలు దాటి గోడవైపు దొర్లింది. పాప వంగింది. వరండాలో అడుగుల చప్పుడు దగ్గరైంది. తాళంచెవి రెండుసార్లు తిరిగింది..."

పేజీ అయిపోయింది.

"బావుంది టీచర్," అంది ఫోనులో ఆమె. "తాళంచెవి నిజంగానే రెండుసార్లు తిరిగింది. కానీ ఒకటి తప్పు."

"చెప్పమ్మా. దిద్దుకుంటా."

"రబ్బరు లేదు. ఏం చేస్తున్నావు లోపల అని అందరూ అడుగుతుంటే నేను కల్పించింది అది. చిన్నపిల్లని, అంతకంటే మంచి అబద్ధం తట్టలేదు."

"మరి?"

"మీరు తలుపు దగ్గర నించుని 'ఎవరైనా ఉన్నారా' అన్నారు. ఒక్క నిమిషం ఆగి మళ్లీ అన్నారు. నేను బీరువా వెనకాల ఉన్నా. రెండుసార్లూ విన్నా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూచున్నా."

అత్తగారు కళ్లు మూసుకుంది. "అడిగాను," అంది తనలో తాను. "అడిగానన్నమాట." ఊపిరి ఎక్కడో లోతునుంచి వచ్చి వెళ్లింది. ఆవిడ భుజాలు కిందికి దిగడం కోడలు కళ్లారా చూసింది.

ఆ తెరిపి ఒక్క క్షణమే. వెంటనే కళ్లు తెరిచి ఫోను మీదికి వంగింది.

"ఎందుకు పలకలేదమ్మా?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించాయి.

"మీ పక్కన ఎవరన్నా ఉన్నారా టీచర్?"

"నా కోడలుంది."

"ఏమనుకోవద్దని చెప్పండి. కాసేపు ఆవిణ్ణి బయట ఉండమంటారా?"

కోడలు అప్పటికే లేచింది. స్పీకరు ఆపి, ఫోను అత్తగారి చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

ముందుగదిలో కొడుకు ఎవరిదో కళ్లజోడుకు సన్నని మర బిగిస్తున్నాడు. పిడుగు నేలమీద బోర్లా పడుకుని ఏదో గీస్తోంది.

"ఏమందట? నచ్చిందటా?" అన్నాడతను.

"ఇంకా చెబుతున్నారు."

"అమ్మ గొంతే వినపడట్లేదే?"

"వింటున్నారు."

అతను మర బిగించడం ఆపాడు. ఆ ఇంట్లో ఆవిడ గొంతు వినపడకుండా ఇంతసేపు గడిచిన గుర్తు అతనికి లేదు. మధ్యలో ఒక్కసారి "ఊఁ" అని వినిపించింది. కోడలు టీ పెట్టింది. అది చల్లారింది. వేడి చేసింది. మళ్లీ చల్లారింది.

తలుపు తెరుచుకుంది.

అత్తగారు వచ్చి భోజనాల బల్ల దగ్గర కూచుంది. కళ్లు తడిగా లేవు. మొహంలో మాత్రం నాలుగు రోజుల జ్వరంనుంచి లేచినంత అలసట.

"మంచి ప్రశ్న వేశావు," అంది కోడలితో. "జవాబు దొరికింది. దొరక్కపోయినా బావుండేది. ఇంటికి పోవడంకంటే ఆ చీకటి గదే నయమనిపించిందట ఆ పిల్లకి."

"ఆవిడ ఏమంటున్నారు? రాయొద్దనా?"

"రాయమంటోంది. రబ్బరు తీసేసి, ఉన్నది ఉన్నట్టు రాయమంటోంది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట." ఆవిడ చల్లారిన కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "కానీ ఆ పిల్ల చెప్పింది రాస్తే, ఇది పిల్లల నవలేనంటావా? నువ్వు చెప్పు. ఈసారి నిజం చెప్పు."

పదకొండేళ్లుగా కోడలు చేసే పని అదే. రెండు పేజీలు తిరగేసి, ఇది ఆరేళ్లవాళ్లకి, ఇది పదేళ్లవాళ్లకి అని చెప్పేయగలదు. ఈసారి మాత్రం కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూచుంది.

నేలమీద గీత గీయడం ఆగింది.

"అంటే మిగతాది నేను చదవకూడదా?" అంది పిడుగు.

పెన్సిలు కింద పెట్టి లేచి కూచుంది.

"ఆ పాపకి ఎన్నేళ్లు నాన్నమ్మా?"

అత్తగారు కాస్త తడబడింది. "ఎనిమిది."

"నాకు తొమ్మిది కదా మరి," అంది పిడుగు.

కొడుకు చేతిలోని సన్నని మర జారి బల్లకింద ఎక్కడో పడింది. అతను వెతకలేదు. అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. కోడలు జవాబు కోసం అత్తగారి మొహంలోకే చూస్తోంది.